వీరుడి గుడిలో అద్దెకున్న మల్తాకే

ఎప్పుడో చనిపోయిన ఒక వీరుణ్ణి కొలిచే మా సంఘానికి ఉన్న ఆస్తంతా కలిపి ఒక్క ఆవరణ. ఏథెన్సులో, మెలితే పేటలో, కొండమీదికి పోయే దారి పక్కన ఉంది. చుట్టూ పచ్చి ఇటుకల గోడ, లోపల ఒక బావి, నాలుగైదు ఆలివ్ చెట్లు, వాటి నీడలో బలిపీఠం, దాని వెనక వీరుడి గది. ఆ గదిని ఆనుకుని మేమంతా కూర్చుని మాట్లాడుకోవడానికీ, భోజనాలు చెయ్యడానికీ ఒక పెద్ద గది. దాని పక్కన వంటిల్లు. వీరుడి పేరేమిటో ఎవరికీ తెలియదు. మా తాతల నాటికే మరిచిపోయారు. వీరుడనే పిలుస్తాం, ఆయన ఏమీ అనుకోడు.

ద్రాక్షలు కోసే రోజుల్లో ఏడాదికొక్కసారి ఆయనకి పండగ. గొర్రెనో పందినో బలిచ్చి, మాంసం కాల్చుకుని, మంచాలమీద మోచేతిపై ఒరిగి వాలి తిని తాగి, సంఘం సంగతులు తేల్చుకుని ఇళ్లకి పోతాం. ఇక మళ్లీ ఏడాది దాకా తలుపుకి తాళమే. మనుషులు మసలని ఇల్లు ఎలా పాడుపడుతుందో అదీ అలాగే పాడుపడింది. నన్ను సంఘంలో చేర్చుకున్న ఏడు, భోజనాల మధ్యలో పెద్ద గది కప్పులోంచి ఒక దూలం విరిగి సరిగ్గా మా సంఘం పెద్ద టెలేసోన్ మంచం మీద పడింది. ఆయన అప్పుడే చేతులు కడుక్కోవడానికి లేచాడు కాబట్టి బతికిపోయాడు.

కప్పు బాగుచేయించే స్తోమత సంఘానికి లేదు. అందరూ ఆలివ్ చెట్ల కింద నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అద్దెకిద్దాం," అన్నాడు టెలేసోన్.

"వీరుణ్ణా?" అన్నాడు స్పూదియాస్.

"వీరుణ్ణి కాదయ్యా, చోటుని. ఎవరో ఒకరు కాపురముంటే కప్పు వాళ్లే వేసుకుంటారు. పండగ రోజున మాత్రం మనకి వదిలిపెడతారు."

స్పూదియాస్‌కి నూనె గానుగ ఉండేది. గానుగ కన్నా ఆయనకి నియమాలంటే ప్రాణం. ఎవరు ఏ మంచం మీద వాలాలి, వీరుడికి ముందు ఏ ముక్క వెయ్యాలి అని మాకు ఏటేటా గుర్తుచేసేవాడు ఆయనే. అద్దెకివ్వడానికి చివరికి ఒప్పుకున్నాడు కానీ, షరతులు తానే చెప్పి రాయి మీద చెక్కించి గుమ్మం పక్కన పాతించాడు. అద్దెకున్నవాడు చెట్లు నరకకూడదు, గోడలకి సున్నం వెయ్యాలి. పండగ నాడు వంటిల్లూ పెద్ద గదీ మంచాలూ సంఘానికి అప్పగించి తప్పుకోవాలి. కొత్తగా గోడలు కడితే అవి సంఘానివే. తన ఖర్చుతో వేసుకున్న కట్టె, పెంకు, తలుపులు మాత్రం వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చు. ఈ ఆఖరి షరతుని స్పూదియాస్ పట్టుబట్టి పెట్టించాడు. అలా రాస్తే గాని పరాయివాడెవడూ మన కప్పుకి పెంకు కొనడని ఆయన వాదన.

అలా వచ్చారు హెగియాస్, మల్తాకే. మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ మెగారా. పరాయి ఊరివాళ్లకి మా ఊళ్లో ఇల్లు కొనుక్కునే హక్కు లేదు, అద్దెకే ఉండాలి. హెగియాస్ తాళ్లు పేనేవాడు. నార పరిచి పురి పెట్టడానికి వాడికి పొడుగాటి చోటు కావాలి. మా ఆవరణ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి చూసి, "ఓడ తాడు కూడా పేనొచ్చు," అన్నాడు. అంతే, బేరం కుదిరింది.

మల్తాకే అప్పటికి పాతికేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. మేము 'మేతేర్' అనే తల్లిని ఆమె 'మాతేర్' అనేది. నోరు విప్పితే చాలు, పేటలో పిల్లలు ఆమెని వెక్కిరించేవాళ్లు. ఆమె ఆ వెక్కిరింతని ఇంకా సాగదీసి వాళ్లకే తిప్పికొట్టేది. వచ్చిన చలికాలంలోనే హెగియాస్ పాత దూలాలు పీకేసి కొత్త కప్పు వేశాడు. పెంకులు కొరింథు నుంచి వచ్చాయి. వాటికోసం వాళ్లు ఏం తిన్నారో ఏం మానేశారో నాకు తెలియదు. మా భోజనాల మంచాలకి తాడు తెగిపోయి ఉంటే వాడే ఊరికే కొత్త నులక అల్లిపెట్టాడు. బలిపీఠం మీద తడి నార ఆరేశాడని ఒకసారి స్పూదియాస్ పెద్ద గొడవ చేశాడు. మల్తాకే బయటికొచ్చి నార తీసి, పీఠం తుడిచి, "మీ వీరుడేమీ అనలేదయ్యా, నేను అడిగే వేశాను," అంది.

"నీకెలా చెప్పాడు?"

"మీకు ఏడాదికొక రోజు. నాకు రోజూ కనపడతాడు. మాట్లాడుకోమా?"

నిజానికి ఆమె వీరుడి గదిలో రోజూ దీపం పెట్టేది. షరతుల్లో అది లేదు. మాలో ఎవరికీ తట్టనే లేదు.

మొదటి పండగకి వాళ్లు పొద్దున్నే సామాన్లన్నీ ఒక మూలకి సర్ది, బయటికి వెళ్లిపోయారు. గోడకవతల సీమే అనే ఆవిడ వాళ్లది ఉన్ని బట్టలు ఉతికి తెల్లబరిచే ఇల్లు. మల్తాకే ఆ రోజంతా సీమే వాకిట్లో కూర్చుని మా పాటలూ నవ్వులూ వింది. మర్నాడు గిన్నెలకోసం వెళ్లిన నాతో ఆ మాటే అంది.

"నా పొయ్యి, నా వంటిల్లు. గోడవతల కూర్చుని వాసన చూడాలా బాబూ?"

"షరతు అది కదమ్మా."

"షరతే. కాదన్నానా? మీ గానుగాయన వంటిల్లంతా మెగారా వెల్లుల్లి కంపని తిట్టాట్టగా. సీమే మొగుడికి వినపడిందట. మరి నేను దంచి పెట్టిన వెల్లుల్లి పచ్చడి గిన్నె నాకిపెట్టింది ఎవరు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. గిన్నెలు లెక్క చూసి నా చేతికిచ్చింది.

అలా నాలుగు పండగలు గడిచాయి. ఐదో పండగ ముందు మల్తాకేకి కడుపొచ్చింది. ఆలస్యంగా వచ్చిన కడుపు. హెగియాస్ సంతోషం పట్టలేక కనపడ్డవాడికల్లా అంజూరపళ్లు పంచాడు. కానీ స్పూదియాస్ ఆ వార్త విని తిన్నగా టెలేసోన్ ఇంటికి పోయాడట. దేవుళ్లున్న చోట, వీరులున్న చోట పురుడు కాకూడదు, చావు జరగకూడదు. మా సంఘమొక్కటే పెట్టుకున్న కట్టుబాటు కాదది, అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. కాపురానికని చోటు ఇచ్చిన రోజున కాపురమంటే పిల్లలు కూడా పుడతారని మాలో ఎవరికీ తోచలేదు.

టెలేసోన్ నెమ్మదైన మనిషి. మల్తాకేని పిలిచి అడిగాడు. "నెలలు నిండగానే సీమే ఇంటికి పోతానండీ. మాట్లాడుకున్నాం," అంది. పండగ దాటాక గాని పురుడు రాదని మంత్రసాని చెప్పింది. అక్కడితో ఆ సంగతి ముగిసిందనుకున్నాం.

పండగ నాడు మాట్లాడుకున్న వంటవాడు రాలేదు. ఎక్కడో పెళ్లిలో తాగి పడిపోయాడని కబురొచ్చింది. గొర్రె అప్పటికే బలి అయిపోయింది, మాంసం పొగలు కక్కుతోంది, సభ్యులందరూ తలలకి ఆకుల దండలు చుట్టుకుని ఆకలిగా తిరుగుతున్నారు. టెలేసోన్ గోడ దగ్గరికి వెళ్లి సీమే వాకిట్లోకి తొంగిచూశాడు.

"అమ్మా మల్తాకే, కాస్త నువ్వే వచ్చి చెయ్యి పెట్టాలి."

"రాకూడదన్నారుగా ఈ రోజు?"

"నేనే పిలుస్తున్నా కదమ్మా."

ఆమె వచ్చింది. ఆ పొట్టతో పొయ్యి ముందు కూర్చుని కాల్చాల్సినవి కాల్చింది, ఉడకాల్సినవి ఉడికించింది, బార్లీ రొట్టెలు వేసింది. మేము మంచాలమీద వాలి తినడం మొదలుపెట్టాం. నేను చిన్నవాణ్ణి కాబట్టి పళ్లేలు మోసే పని నాది. రెండోసారి వంటింట్లోకి వెళ్లేసరికి ఆమె గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. మొహమంతా చెమట.

"నొప్పులా అమ్మా?"

"కాదు బాబూ, సరదాకి పట్టుకున్నా ఈ గుమ్మాన్ని. వెళ్లి సీమేని పిలువు."

సీమే చేతులకి సున్నం నీళ్లు కారుతుండగానే పరిగెత్తుకొచ్చింది. మల్తాకే నడుం మీద చెయ్యేసి చూసి, నడవలేదంది. అప్పటికి లోపలున్నవాళ్లందరూ లేచి వచ్చారు. స్పూదియాస్ ముందున్నాడు.

"ఇక్కడ కాకూడదు," అన్నాడు.

"కాకూడదంటే ఆగేదా అది?" అంది సీమే. "అంత నియమముంటే నిలబడి చూస్తారేంటి? మోసుకురండి."

దేనిమీద మోస్తాం? గుమ్మానికి దగ్గరగా ఉన్నది స్పూదియాస్ మంచమే. దుప్పటి మీదున్న ఎముకలు దులిపి మల్తాకేని దానిమీద పడుకోబెట్టాం. ఒక కోడు నేను పట్టుకున్నాను, ఒకటి మా నాన్న, ఒకటి సీమే. నాలుగోది పట్టుకోవడానికి వయసుడిగిన టెలేసోన్ వంగబోతే స్పూదియాస్ ఆయన్ని పక్కకి నెట్టి తనే పట్టుకున్నాడు. బయటి గుమ్మం ఇరుకు. మంచాన్ని ఒరిగించాల్సి వచ్చింది. ఆమె పడిపోతానన్న భయంతో చేతికందింది గట్టిగా పట్టుకుంది. అందింది స్పూదియాస్ గడ్డం.

దండలు పెట్టుకున్న మగవాళ్లు మంచం మోసుకుంటూ వీధిలోకొస్తే ఎవరేమనుకుంటారు? దారిలో పోతున్న గాడిదవాడొకడు ఆగి నెత్తిమీది టోపీ తీశాడు.

"ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదు. ఒకరు వస్తున్నారు," అన్నాడు స్పూదియాస్, గడ్డం విడిపించుకునే దారిలేక మెడ వంచి.

సీమే వాకిట్లో ఆరేసిన బట్టల మధ్య మంచం దింపామో లేదో, మమ్మల్ని బయటికి తరిమేశారు. కాసేపటికే పిల్ల ఏడుపు వినపడింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమమని సీమే తల బయటపెట్టి చెప్పింది.

పురిటి మనిషిని ముట్టుకున్న మేము ఇక మైలపడ్డట్టే. గుడిలోకి తిరిగి వెళ్లకూడదు. లోపల మిగిలినవాళ్లు గోడ మీదుగా మాంసమూ రొట్టెలూ అందించారు. మా నాన్న, నేను, స్పూదియాస్ వీధిలో గోడకి ఆనుకుని కూర్చుని తిన్నాం. స్పూదియాస్ మధ్య మధ్య గడ్డం తడుముకున్నాడు. సాయంత్రం పిరేయస్ రేవు నుంచి తిరిగొచ్చిన హెగియాస్‌కి వీధి చివరే విషయం తెలిసి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, తిరుగుదారిలో అటొచ్చిన గాడిదవాడికి కూడా పెట్టాడట. పురుడు జరిగిన మంచం గుడిలోకి రాకూడదని తర్వాత సంఘం తీర్మానించింది. హెగియాస్ దానికి బదులు కొత్త మంచం చేయించి, నులక అల్లి తెచ్చాడు. పిల్లకి మెలిత్తా అని పేరు పెట్టారు.

తర్వాతి పదేళ్ల పైచిలుకు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తాళ్లు పేనడం, అమ్మడం, సున్నం వెయ్యడం, ఏటేటా ఒక రోజు సీమే ఇంట్లో గడపడం. మెలిత్తా ఆవరణలోనే పెరిగింది. అయితే నార దుమ్ము హెగియాస్ గుండెల్లోకి పోయింది. దగ్గు మొదలై ఎన్నాళ్లకీ తగ్గలేదు. వైద్యులు తేనె, అవిసె గింజలు ఏవేవో పెట్టారు. ఒక చలికాలం లేవలేకపోయాడు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు వాడే అన్నాడు, మల్తాకేతో.

"ఇక నన్ను సీమే వాళ్లింటికి పంపించెయ్."

"ఎందుకయ్యా? బానే ఉన్నావు," అంది ఆమె.

"బాగోలేనని నాకు తెలుసు, నీకూ తెలుసు. ఇక్కడ పోతే స్పూదియాస్ పాతాళం దాకా వెంటపడి తిడతాడు. అక్కడన్నా నన్ను ప్రశాంతంగా ఉండనీ."

మల్తాకే మొహం తిప్పేసుకుంది. మర్నాడు సీమే కొడుకులూ నేనూ వాడిని మోసుకెళ్లాం. తాళ్లు పేనిన చేతులు, మెడచుట్టూ వేస్తే ఇంకా బరువుగానే ఉన్నాయి. తన కప్పుని ఒకసారి తలెత్తి చూసుకున్నాడు. వారం తిరక్కుండా పోయాడు.

మైల రోజులు తీరాక సంఘం సమావేశమైంది, ఆ పెద్ద గదిలోనే. ఒప్పందం హెగియాస్ పేరున ఉంది, వాడితో అది తీరిపోయింది. ఆడమనిషి, అందులోనూ పరాయి ఊరి మనిషి, సొంతంగా ఒప్పందం చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఈలోగా సారా దుకాణంవాడొకడు ఆ చోటుకోసం కబురుపెట్టాడు. ఎక్కువ అద్దె ఇస్తానన్నాడు. చాలామందికి అది నచ్చింది. నేను మల్తాకే తరఫున నాలుగు మాటలు అన్నాను గాని, జాలికొద్దీ అన్నవనుకుని వదిలేశారు. అవతల వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి అంతా వింది. వంటింటికీ గదికీ మధ్య తలుపు కూడా లేదు.

టెలేసోన్ లేచి వెళ్లి చెప్పాడు. "అమ్మా, పండగ లోపల ఖాళీ చెయ్యాలి. మరోలా అనుకోకు."

"సరే పెద్దయ్యా. నావి నేను తీసుకుపోవచ్చు కదా?"

"నీవి నువ్వు తీసుకుపోక ఎవరికిస్తావమ్మా."

కుండలూ దుప్పట్లూ అనుకున్నాం మేమంతా.

ఎండలు ముదిరాక ఒక పొద్దున మా పేటంతా టకటకమని చప్పుడు. వెళ్లి చూస్తే సీమే ఇద్దరు కొడుకులూ మా భోజనాల గది కప్పు మీద కూర్చుని పెంకులు ఊడదీస్తున్నారు. కింద మెలిత్తా అందుకుంటోంది, మల్తాకే వాటిని గడ్డిలో చుట్టి గోడవతలికి అందిస్తోంది. తలుపులు అప్పటికే ఊడదీసి గోడకి ఆనించి ఉన్నాయి. స్పూదియాస్ రొప్పుతూ వచ్చాడు.

"ఏం చేస్తున్నావమ్మా నువ్వు?"

"నావి తీసుకుంటున్నానయ్యా. రాయి మీద మీరే చెక్కించారంటగా. మా ఆయన చదివి చెప్పేవాడు. కట్టె, పెంకు, తలుపు."

స్పూదియాస్ గుమ్మం దగ్గరికి నడిచి, తను చెప్పి రాయించిన రాతని కొత్తవాడిలా మొదట్నుంచీ చదివాడు. చదివి తిరిగొచ్చాడు.

"గోడలు..." అన్నాడు.

"గోడలు మీవే. నేను ముట్టుకోను. మొన్ననే సున్నం కూడా వేశాను, చూశారా?"

ఆయన చూశాడు. గోడలు మెరుస్తున్నాయి. కిందపడి పగిలిన ఒక పెంకు తీసి పక్కన పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రానికి గది నెత్తిన ఆకాశం మిగిలింది. వీరుడి గది జోలికి మాత్రం ఆమె పోలేదు. దానిమీద కూడా హెగియాస్ పెంకులే ఉన్నాయని మాకందరికీ తెలుసు.

సారా దుకాణంవాడు వచ్చి చూసి, కప్పు లేని కొట్టు తనకెందుకని వెళ్లిపోయాడు. పండగ వచ్చింది. మేము ఎప్పటిలాగే బలిచ్చాం, కప్పు లేని గదిలో మంచాలు పరిచాం. మాంసం సగం కాలేసరికి ఎండాకాలం తర్వాత మొదటి వాన కురిసింది. పొయ్యి ఆరిపోయింది. ఎప్పుడూ నీళ్లు కలుపుకుని తాగే ద్రాక్షసారాలో ఆ రోజు ఎవరూ కలపాల్సిన అవసరం లేకపోయింది. గట్టిగా నవ్వినవాళ్లు కూడా లేరు. తడిసిన దండలతో తలవంచుకుని ఇళ్లకి పోయాం.

మర్నాడు టెలేసోన్ నన్ను వెంటబెట్టుకుని సీమే ఇంటికి వెళ్లాడు. మల్తాకే వాకిట్లో ఉన్ని దువ్వుతోంది. పెంకులు ఒక గోడ వెంబడి పేర్చి ఉన్నాయి. ఒక వరస తక్కువగా కనపడింది.

"వచ్చి ఉండమ్మా," అన్నాడు టెలేసోన్.

"ఎవరిలాగా ఉండమంటారు? అద్దెకైతే నేను పనికిరానన్నారు."

"ఏదో ఒకటి చూద్దాం. నీకేం కావాలో చెప్పు."

ఆమె దువ్వెన పక్కన పెట్టింది. నింపాదిగా చెప్పింది. "పండగ రోజు నన్ను గోడవతలికి పంపకండి. వంట నేనే చేస్తా. మీ ఆడవాళ్లకి పెట్టినట్టే నాకూ నా పిల్లకీ ఇంత మాంసం పెట్టండి. అంతే."

ఈ మాట సంఘంలో పెట్టాలి. బురదగా ఉన్న గదిలో నిలబడే సమావేశం జరిపాం, మంచాలు ఇంకా తడి ఆరలేదు. బలి మాంసంలో మెగారా మనిషికి వాటానా అని ఒకరిద్దరు గొణిగారు. అందరూ స్పూదియాస్ వైపు చూశారు, ఆయన ఎలాగూ కాదంటాడని. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అద్దెదారుగా ఒప్పుకోను. అది చెల్లదు. వీరుడి పరిచారికగా పెట్టుకుంటే మాత్రం ఏ ఊరిదన్న ప్రశ్న రాదు. పరిచారికకి బలిలో వాటా ఇవ్వకపోతేనే తప్పు. ఎలాగూ దీపం ఆవిడే పెడుతోంది కదా, ఇన్నేళ్లుగా."

ఆ దీపం సంగతి ఆయన గమనించాడని మాకెవరికీ తెలియదు. ఇంకెవరూ ఎదురు చెప్పలేదు. పెంకులు మళ్లీ పైకెక్కించడానికి వయసులో ఉన్న సభ్యులం వరసగా నిలబడి చేతినుంచి చేతికి అందించాం. తగ్గిన వరస మేర రెల్లు పరిచి, తర్వాతెప్పుడో పెంకు వేశాం.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి నేను ఆమెతో అన్నాను, "ఆ రోజు భలే దెబ్బకొట్టావమ్మా మమ్మల్ని."

"దెబ్బేంటి?" అంది. ఆశ్చర్యంగా నావైపు చూసింది. "మెగారా వెళ్లిపోదామనుకున్నా నేను. బండికీ దారిఖర్చుకీ అవి అమ్ముదామని దింపాను. నా చేతిలో ఇంకేముంది? ఒక వరస అమ్మాను కూడా. తర్వాత మీ పెద్దయ్య వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని చూస్తే పోబుద్ధి కాలేదు."

"మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"మీరడిగారా?"

ఆమె పరిచారిక అయ్యాక ఆ చోటు తీరే మారిపోయింది. ఏడాదికొక్క రోజు తెరిచే గది మిగతా రోజులు ఊరికే ఎందుకుండాలని ఆమె ఒక్కొక్కరికీ తలుపు తీసేది. ముందు సంఘాన్ని అడిగి, తర్వాత తీసేదాన్నని ఆమె అంటుంది. ముందు తీసి, తర్వాత అడిగేదని నాకు తెలుసు. బట్టలుతికేవాళ్లు నీటి కన్యలకి మొక్కు తీర్చుకుని మా బావి దగ్గరే కూర్చుని తిన్నారు. తల్లిదేవతని కొలిచే ఫ్రిజియా దేశపు ఆడవాళ్లకి సొంత గుడి లేకపోతే మా గదిలో తప్పెట్లు వాయించుకున్నారు. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లంతా నేల కడిగి, కట్టెలు నింపిపెట్టాలి. అది మల్తాకే పెట్టిన షరతు, రాయి మీద లేదు. స్పూదియాస్ బతికున్నన్నాళ్లూ దీనిమీద ఏటా ఒకసారి అభ్యంతరం చెప్పి, ఏటా ఓడిపోయాడు.

మెలిత్తా పెళ్లి భోజనాలు కూడా మా గదిలోనే జరిగాయి. వరుడు పిరేయస్‌లో కుండలు చేసేవాడు, పుట్టుక మెగారా. సంఘంలో సభ్యులు కానివాళ్ల పెళ్లి అక్కడ జరగడం అదే మొదలు. మా ఆవిడా నేనూ వెళ్లాం. ఆడవాళ్లు ఒక పక్క కుర్చీల్లో, మగవాళ్లు మరో పక్క మంచాలమీద. వాళ్ల యాసలో వాళ్లు గట్టిగట్టిగా మాట్లాడుకుంటుంటే నాకు సగం అర్థం కాలేదు. మల్తాకే అందరికీ వడ్డించి, చివర్న నా మంచం దగ్గరికొచ్చింది.

"బాబూ, పెళ్లికొడుకు మేనమామ నిన్ను ఎవరని అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

"ఏం చెబుతావో చెప్పు."

"మా ఇంట్లో ఏడాదికొకసారి భోజనానికొచ్చేవాళ్లలో ఒకడివని అప్పుడే చెప్పేశాను," అంది. చెప్పి, నా పళ్లెంలో ఇంకో ముక్క వేసి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆమెకి డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టేశాయి. సున్నం తనే వెయ్యాలంటుంది, వద్దంటే వినదు. మొన్న నిచ్చెన దాచేశాం. దాంతో ఈ నెలంతా మా సంఘంలో ఎవరితోనూ మాట్లాడటం లేదు, వీరుడితో తప్ప.